పదకొండో కోత

ల్యాబ్‌లో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. మైనపు దిమ్మలో బిగించిన కండని అంత పల్చగా కోస్తుంది కనక అందరికీ ఆవిడ ఉల్లిపొర. ఇరవై రెండేళ్లలో ఎందరివో ముక్కలు కోసింది, ఏనాడూ ఎవరివని అడగలేదు. ఇవాళ అడగక్కర్లేకపోయింది. దిమ్మలో ఉన్నది సొంత అక్క చంకలోంచి తీసిన లింఫ్ గ్రంథి.

రొమ్ములో గడ్డ తీసేశారు. జబ్బు గ్రంథిదాకా పాకిందా లేదా అన్నది తేలాలి. పాకకపోతే అక్క ఇవాళే ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఆవిడ కోసి గాజు స్లైడ్ల మీద పెట్టిచ్చిన మూడు కోతలూ చూసి డాక్టరుగారు పిలిచారు. "క్యాన్సర్ కణం ఒక్కటీ లేదమ్మా. కానీ ఇది చూడు."

ఉల్లిపొర మైక్రోస్కోప్‌కి కన్ను ఆనించింది.

"రక్తనాళాలు ఎలా ఉబ్బాయో చూశావా? జబ్బుతో పోరాడాల్సిన కాపలా కణాలు పల్చబడ్డాయి. మనం వేసిన రంగు పట్టినవేమో మిగతావాటిని ఊరుకోండని సర్దిచెప్పే రకం. ఒక్కోసారి గడ్డ తను రాకముందే కబురు పంపి, గ్రంథిని తనకి అనువుగా మార్పించుకుంటుంది."

ఆవిడ ఫోకస్ సరిచేసుకుని మళ్లీ చూసింది. ఇన్నేళ్లూ కోత చిరక్కుండా వచ్చిందా అనే చూసుకుంది గానీ, అందులో ఇంత సంసారం నడుస్తోందని ఎరగదు. అక్కని పొట్టన పెట్టుకోబోయేదాన్ని చూసి అబ్బురపడడమేమిటని తనని తనే తిట్టుకుంది. అయినా కన్ను తియ్యలేకపోయింది.

"రూలు ప్రకారం మూడు కోతలు చాలు. లేదని రాసెయ్యొచ్చు," అన్నారాయన.

నోరు మూసుకుంటే సరిపోయేది. "దిమ్మ ఇంకా సగం ఉంది సార్," అంది.

"మీ అక్కది కదా, వేరేవాళ్లకి ఇస్తాలే."

"వాళ్లు మందంగా కోస్తారు. నేనే కోస్తాను."

పదకొండో కోతలో దొరికింది. అంచున క్యాన్సర్ కణాల చిన్న గుంపు, లెక్కపెడితే నలభై కణాలుంటాయేమో. ఒకవైపు కాపలా కణాలు ఎగబడి దారి మూసేశాయి. రెండోవైపు అవే కణాలు చేతులు కట్టుకుని కూర్చున్నాయి. వెంట్రుకంత జాగాలో అంత పోరూ, అంత లొంగుబాటూ చూసి, ఆవిడ డాక్టరుగారిని పిలిచి చూపించింది.

వార్డులో అక్క అప్పటికే చీర మార్చుకుని, సంచీ సర్దుకుని కూర్చుంది. "ఏమే, ఏం లేదుగా?"

"ఉంది అక్కా. చాలా కొంచెం. పదకొండో కోతలో దొరికింది."

"పదితో ఆపేసుంటే ఇంటికెళ్లిపోయేదాన్ని కదే?"

"వెళ్లిపోయేదానివి."

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "మందులు ఎప్పుడు మొదలెడతారట?" అంది.