నాన్న ఆఖరి ఓటు

ప్రభావితులు అన్న మాటకు తన వేళ్ళు ఎందుకు ఆగిపోయాయి, పదహారేళ్ళుగా జడ్జిగారు చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టిన వేళ్ళు, హత్యలు కొట్టాయి, విడాకులు కొట్టాయి, ఏనాడూ తడబడలేదు, జడ్జిగారు కిటికీ వైపు తిరిగి తీర్పు చెప్పుకుపోతున్నారు, పరాయి దేశంలో తయారైన అబద్ధపు వీడియోలు లక్షలాది ఓటర్ల ఫోన్లలోకి చేరినందున, వారు వాటివల్ల ప్రభావితులైనందున, ఈ ఎన్నిక చెల్లదని, ఆ లక్షల్లో నాన్న ఒకడు, బస్సు డ్రైవరుగా ముప్పై ఏళ్ళు చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న నాన్న, ఫోను ముక్కుకు ఆనించుకుని సాయంత్రాలన్నీ ఆ వీడియోలే చూసేవాడు, ఇల్లంతా ఒకటే మోత, నాన్నా అవన్నీ ఎక్కడో కూర్చుని అల్లిన కథలు, ఆ గొంతు కూడా మనిషిది కాదు అని తను కసిరితే, కాకపోతే పోనీవే, వింటే నా సొమ్మేం పోయింది అని నవ్వాడు, విని విని నీ బుర్ర నీది కాకుండా పోయింది అంది తను, ఆ మాటకు నవ్వు ఆపేశాడు, సౌండు తగ్గించాడు, మర్నాటి నుంచి అసలు సౌండే లేకుండా చూసేవాడు, మూగబొమ్మల్ని చూసినట్టు.

ఎక్కడ ఆగామమ్మా అన్నారు జడ్జిగారు, ప్రభావితులైనందున దగ్గర సార్ అంది, అని ఊరుకోవచ్చుగా, సార్, చూసినవాళ్ళంతా అది చూసే ఓటేశారంటారా అని నోరు జారింది, ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, ఎవరిది సొంత మనసో ఎవరిది అరువు మనసో తూచే తక్కెడ నా దగ్గర లేదమ్మా, అలాగని వదిలేస్తే రేపు మన ప్రభుత్వాన్ని ఆ పరాయి దేశం వాళ్ళే ఎన్నుకుంటారు, అందుకే మళ్ళీ అందరినీ అడుగుదాం, మూడు నెలల్లో మళ్ళీ ఓట్లు వేస్తారు, అందరూ వెయ్యలేరు సార్ అంది, నాన్న పోయినప్పుడు తన సెలవు చీటీ మీద సంతకం పెట్టింది ఆయనే, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు, నిజమే, వెయ్యలేరు అన్నారు, రాసుకోమ్మా అన్నారు, గొంతు తగ్గించి.

కోపం తెచ్చుకుందామంటే ఆయన మీద రాలేదు, ఆయన చెప్పింది సబబే, ఈ తీర్పు ఇలాగే రావాలని తనూ కోరుకుంది, కానీ ఓటు వేసే రోజు ఆక్సిజన్ సిలిండరుతో చక్రాల కుర్చీలో నాన్న, ముందుకు వెళ్ళండి పెద్దాయనా అని పోలీసు దారి ఇస్తే, వీళ్ళకి మాత్రం పనుల్లేవా బాబూ అని ముప్పావుగంట వరసలోనే ఉన్నాడు, ఎగశ్వాస పీలుస్తూ, ఓటేసి బయటికొచ్చాక స్కూలు గేటు దగ్గర తన చెయ్యి పట్టుకున్నాడు, ఎందుకు వేశానో తెలుసా అమ్మాయ్ అన్నాడు, ముఖంలో ఎంత ఉత్సాహం, ఏదో చెప్పాలని, తెలుసులే నాన్నా, ఎక్కువ మాట్లాడకు, ఆయాసం వస్తుంది అంది తను, చెయ్యి విడిపించుకుని కుర్చీ తిప్పింది, ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, పదకొండో రోజు పోయాడు, ఏం చెప్పబోయాడు, ఆ వీడియోల మాటేనా, లేక ఆయనతో డ్రైవరీ చేసిన పాత స్నేహితుడెవరైనా ఎన్నికల్లో నిలబడ్డాడా, ఆయన బస్సు నడిపిన పాత రోడ్డు గురించా, పాత కోపమా, లేక నా బుర్ర నాదేనే అని మాత్రమేనా, ఇప్పుడు ఎవరిని అడగాలి, వేళ్ళు కదిలాయి, చెల్లదు అన్న మాట తప్పు లేకుండా పడింది, ఈ మాట దగ్గరికి రావడానికి కోర్టుకు ఎనిమిది వారాలు పట్టింది, రెండు వైపులా వకీళ్ళను, నూట నలభైమంది సాక్షులను కూర్చోబెట్టి వింది, నాన్న ఓటును మాత్రం ఆ స్కూలు గేటు దగ్గరే, ఒక్క ముక్క వినకుండా, తను రద్దు చేసేసింది.