ఐస్‌క్రీం డబ్బా స్కోపు

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నిస్సీ స్కోపుకు ఊళ్లో దక్కిన మర్యాద అదే. కరెంటు ఎలా వస్తోందో తెర మీద గీతగా చూపించే ఆ పరికరం కంపెనీది కొనాలంటే ముప్పై వేలు. ఎవరో పుణ్యాత్ములు దాని నమూనా, ప్రోగ్రాము నెట్‌లో అందరికీ ఉచితంగా పెడితే, రెండు వేల సామానుతో తనే తయారుచేసి ఐస్‌క్రీం డబ్బాలో బిగించుకుంది. అంతే, ఊరికి అది ఐస్‌క్రీం డబ్బా అయిపోయింది.

శివరాత్రి పొద్దున, శివుడి మొక్కుగా బండి మీద నిలబెట్టి, కోటప్పకొండకు ఊరేగించాల్సిన అరవై అడుగుల ప్రభ మీద లైట్లు వెలగలేదు. నరసరావుపేట నుంచి పిలిపించిన మెకానిక్ బోర్డు మొత్తం మార్చాలని, రెండు రోజులు పడుతుందని తేల్చేశాడు. అప్పుడు గుర్తొచ్చింది కమిటీ పెద్ద బసవయ్యకు నిస్సీ.

"ఏమే, మీ నాయన చేతి ప్రభే గదా. ఆ డబ్బా ఏందో తెచ్చి ఒకసారి చూడవే."

ఆమె తండ్రి సాల్మన్ రాజు ఇరవై రెండేళ్లు ఆ ప్రభకు బల్బులు కట్టాడు. నిరుడు పోయాడు. ప్రభ కదిలే ముందు చందాలిచ్చినవాళ్ల పేర్లు, పనిచేసినవాళ్ల పేర్లు మైకులో చదవడం ఊరి ఆనవాయితీ. ఆయన పేరు ఒక్క ఏడూ చదవలేదు.

"చూస్తా బాబాయ్. మైకులో మా నాయన పేరు ఒక్కసారి చదివించు. నాకింకేం వద్దు."

"దానిదేముందే, చదివిస్తాలే."

స్కోపు పెట్టి చూస్తే, తిన్నగా సాగాల్సిన గీత రంపం పళ్లలా ఉంది. కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్ ఒకటి, పైకి బాగానే కనిపిస్తున్నా లోపల ఎండిపోయింది. పది రూపాయల ముక్క. అది మార్చగానే ప్రభ పైదాకా వెలిగింది, జనం ఈలలు వేశారు. నాన్న చూడలేదే అని నిస్సీకి ఏడుపొచ్చింది.

పేర్లు చదివారు. పేట మెకానిక్‌కు శాలువా కూడా కప్పారు. సాల్మన్ రాజు పేరు రాలేదు.

"మాటిచ్చావు గదా బాబాయ్."

బసవయ్య చూపు తప్పించాడు. "చర్చి మనిషి పేరు శివయ్య ప్రభ మీద ఎట్టా చదివించేదే? నలుగురూ ఏమనుకుంటారు?"

ఇరవై రెండేళ్లు ఆ చర్చి మనిషి చేతులు పనికొచ్చాయి. పేరుకే వచ్చింది అంటు. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న.

అంతలో మైకు ఆగిపోయింది. మెకానిక్ శాలువా సర్దుకుంటూ నిలబడ్డాడు. అందరూ మళ్లీ నిస్సీ వైపే చూశారు. ఇంటికి పోదామనుకుంది. కాని అది నాన్న ప్రభ. స్కోపుతో వెతికి, పిన్ను దగ్గర తెగిన తీగ పట్టుకుని అతికించింది.

"మాట్లాడి చూడవే" అన్నాడు బసవయ్య.

మైకు చేతిలో ఉంది. ఊరంతా ఎదురుగా ఉంది.

"సాల్మన్ రాజు" అంది. ఆ పేరు నాలుగు వీధుల్లో మోగింది. "ఎలక్ట్రీషియన్ సాల్మన్ రాజు. ఇరవై రెండేళ్లు ఈ ప్రభకు..."

ఒక్కరూ పట్టించుకోలేదు. మైకు బాగుచేసేవాళ్లు అందులో ఏమంటే ఎవరికి కావాలి?

"వినపడతంది, చాల్లే" అని బసవయ్య మైకు లాక్కున్నాడు. "టెస్టింగ్ అయిపోయిందండీ. ఇక కొబ్బరికాయ కొట్టండి."