గోడకున్న ఒక్క సాకెట్

రాత్రి తన చేత్తో సాకెట్‌కు తగిలించిన కారు పొద్దున కూడా తగిలించినట్టే ఉంది, బ్యాటరీ మాత్రం ఖాళీ.

లియోనా డ్రైవింగ్ సీట్లో కూర్చుని ఎదురుగా ఉన్న తెర వంక చూసింది. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. బయట మైనస్ పాతిక చలి. జనవరిలో కెనడాలోని వినిపెగ్‌కి అది వింత కాదు. రాత్రంతా కరెంటు తాగాల్సిన బండి ఒక్క గుక్కయినా తాగకపోవడమే వింత.

బండి వాళ్ళది కాదు. వారం రోజులు వాడి చూడమని షోరూమ్ వాళ్ళు ఇచ్చిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంట్లో ఛార్జి చేసుకుంటే ఊళ్ళో తిరుగుడంతా కరెంటు మీద నడుస్తుంది, అది అయిపోతే పెట్రోలు మీద. దానికి పోటీ అదే షోరూమ్‌లో ఉన్న పెట్రోలు ఎస్‌యూవీ. ధర తక్కువ, డిక్కీ పెద్దది, వెనక ఇంకో వరస సీట్లు. పాత వ్యాన్ క్రిస్మస్‌కి ముందే చేతులెత్తేసింది. రెంటిలో ఏదో ఈ మధ్యాహ్నంలోగా చెప్పాలి.

లియోనా ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు కట్లు మార్చే, మందులిచ్చే నర్సు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోనే ఆగుతూ, కదులుతూ తిరగాలి. పెట్రోలు ఖర్చు తగ్గకపోతే శని, ఆదివారాలు కూడా డ్యూటీ వేయించుకోక తప్పదు. కూతురు తియాతో ఆమెకు మిగిలేవి ఆ రెండు రోజులే. అందుకే హైబ్రిడ్ మీద అంత పట్టు.

దాని ధరలో ఎక్కువైన మొత్తానికి దారి ఎప్పుడో దొరికింది. మామగారు అబ్రామ్ పాత ట్రక్కును షోరూమ్ వాళ్ళకు ఇచ్చేస్తే సరిపోతుంది. చూపు తగ్గడంతో కిందటి ఆకురాలు కాలంలోనే ఆయన లైసెన్సు పోయింది. "తీసుకోండి, నేనేం చేసుకుంటాను దాన్ని?" అని ఆయనే అన్నాడు.

లియోనా విసురుగా తలుపు మూసి వంటింట్లోకి వచ్చింది.

"మళ్ళీ ఖాళీయేనా?" టోస్టు మీద పుల్లటి రూబార్బ్ కాడల జామ్ రాస్తూ అడిగాడు ఆమె భర్త కర్ట్.

"నీకెలా తెలుసు?"

"తలుపు వేసిన చప్పుడు ఇక్కడిదాకా వినపడింది. ముందే చెప్పాను, ఈ చలికి బ్యాటరీ నిలబడదని. కారు లోపల వెచ్చదనం కోసం ఎలాగూ ఇంజిన్ తిరుగుతుంది. ఇక దానికి అన్ని డబ్బులెందుకు?"

"చలికి తగ్గుతుందన్నారు. అసలు ఛార్జే ఎక్కదని ఎవరూ అనలేదు. చలి పోయాక మిగతా ఏడాది మాటేమిటి? ఇక్కడ కరెంటెంత చవకో బిల్లు కట్టే నీకు నేను చెప్పాలా?"

"పదేళ్ళయ్యాక అమ్ముదామంటే? పాత బ్యాటరీ బండిని ఎవడు ముట్టుకుంటాడు?"

"పదేళ్ళ పెట్రోలు బండిని ముద్దు పెట్టుకుంటారు కాబోలు."

టేబుల్ చివర అబ్రామ్ కాఫీలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. పంచదార ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

"మీరేమంటారు డాడ్?" అడిగింది లియోనా.

"మీ బండి, మీ ఇష్టం." ఆయన తల ఎత్తలేదు. కప్పు అక్కడే వదిలేసి, బేస్‌మెంట్‌లోని తన గదికి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

లియోనా అక్కడ కూర్చోలేకపోయింది. కిటికీ దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది.

"కర్ట్, ప్లగ్ నువ్వు పీకుతున్నావా?"

జామ్ రాసే చాకు ఆగిపోయింది. "నేనా? చెత్తడబ్బా బయట పెట్టమంటేనే మూడుసార్లు చెప్పించుకుంటానని తిడతావు. ఈ చలిలో బూట్లేసుకుని వెళ్ళి ప్లగ్ పీకుతానా? నాకా బండి నచ్చకపోతే నీ మొహం మీదే చెప్తాను. వారం నుంచి చెప్తూనే ఉన్నాను."

అది నిజమే. కర్ట్‌కి మొండితనం ఎంతైనా ఉంది గానీ దొంగచాటు పని చేతకాదు. మరెవరు?

"ఇంకాసేపట్లో, తొమ్మిదింటికి షోరూమ్ తెరవగానే ఫోన్ చేస్తాను," అన్నాడతను. "పెట్రోలు బండి ఖాయం చేసేద్దాం. ఇంక సాగదీయొద్దు."

ఆమె కోటు తగిలించుకుని మళ్ళీ బయటికి నడిచింది.

రాత్రి కొత్త మంచు పడింది. గాలికి అడుగుల జాడలు చెదిరిపోయాయి. గోడకున్న ఒకే ఒక్క సాకెట్‌లో హైబ్రిడ్ తీగ బిగువుగానే ఉంది, పచ్చదీపం వెలుగుతోంది. తీగ వెంట కారు దాకా నడిచింది. తెగలేదు, నలగలేదు. హైబ్రిడ్ బానెట్ మీద మంచు దుప్పటి పరిచినట్టుంది. పక్కింటివాళ్ళ కారూ అంతే, ఎదురింటి వ్యానూ అంతే.

కంచె దగ్గర నిలబెట్టిన అబ్రామ్ ట్రక్కు మాత్రం అలా లేదు.

దాని కప్పు తెల్లగానే ఉంది. వెనక తొట్టి నిండా మంచే. బానెట్ నడుమ మాత్రం మంచు కుంగి, గాజు పలకలా మెరుస్తోంది. ముందు జాలీలోంచి ఇంజిన్ హీటర్ తీగ వేలాడుతోంది. దాని మీద ఒక్క మంచు రేణువు కూడా లేదు.

లియోనా గ్లవ్ తీసి జాలీ సందులోంచి చెయ్యి పెట్టింది.

వెచ్చగా ఉంది.

ఆ ఊళ్ళో దాని అర్థం చిన్నపిల్లలకు కూడా తెలుసు. చలికి ఇంజిన్ బిగుసుకుపోకుండా రాత్రంతా దాన్ని కరెంటు హీటర్ మీద పెడతారు. పొద్దున బయల్దేరేవాళ్ళు పెడతారు. ఈ ట్రక్కు ఎక్కడికీ బయల్దేరేది కాదు. ఇంటి బయట ఉన్నదేమో ఒకటే సాకెట్.

ఆమె పక్క తలుపులోంచి బేస్‌మెంట్ మెట్లు దిగింది. గుమ్మంలో అబ్రామ్ బూట్ల చుట్టూ మంచు కరిగి మడుగు కట్టింది. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పైన వంటింట్లో కర్ట్ గొంతు వినపడుతోంది, అప్పుడే షోరూమ్ వాళ్ళతో మాట కలిపాడు.

"కర్ట్, ఫోన్ పెట్టెయ్!" అని పైకి అరిచి, ఆమె మామగారి వైపు తిరిగింది. "ట్రక్కు వెచ్చగా ఉంది డాడ్."

కర్ట్ మెట్ల మీద సగం దాకా దిగి ఆగాడు.

"నేనే," అన్నాడు అబ్రామ్. "మొదటి రాత్రి అలవాటు కొద్దీ చేశాను. చలి ముదిరితే ట్రక్కుకు తీగ తగిలించడం పెళ్ళి కాకముందు నుంచీ ఉన్న అలవాటు. సాకెట్‌లో ఏదో ఉంటే పీకి నాది పెట్టాను. పొద్దున లేచి చూస్తే నీ కారుది. గబగబా మార్చేశాను. నీకు చెప్పేద్దామనే పైకి వచ్చాను లియోనా. అప్పుడే వీడు అంటున్నాడు, ఇలాగైతే పెట్రోలు బండే కొందాం, నాన్న ట్రక్కు ఇవ్వక్కర్లేదు అని. నోరు మూసుకున్నాను. ఆ తర్వాత రెండు రాత్రులూ అలవాటు కాదు, కావాలనే చేశాను. నీ శని, ఆదివారాలు పోతాయని తెలిసే చేశాను. దాన్ని తోలుకుని ఎక్కడికో పోదామని కాదు, నాకు రోడ్డే సరిగా కనపడదు. మీరంతా వెళ్ళాక ఒక్కసారి తాళం తిప్పుతాను. మొదటి తిప్పుకే అంటుకుంటుంది. కాసేపు విని ఆపేస్తాను, అంతే. తాళాలు ఆ కోటు జేబులో ఉన్నాయి. తీసుకెళ్ళు. నా చేత్తో ఇమ్మని మాత్రం అడక్కు."