గడ్డికి చుట్టుకొలత

నేను ఒక టేపును. ముప్పై మీటర్లని నా డబ్బా మీద రాసి ఉండేది. ఇప్పుడు డబ్బా లేదు, పదకొండు మీటర్లే మిగిలాను. ఆ సంగతికి తర్వాత వస్తాను. దర్జీ మెడలో వేలాడే టేపులు నాకు వరసకు తమ్ముళ్లు. వాళ్లు మనుషుల నడుములు కొలుస్తారు, నేను చెట్ల నడుములు.

ముందు నా గొప్పలు కాసిని వినండి. ఒకసారి నల్లమలలో ఒక మద్దిచెట్టును చుట్టడానికి ఎండాకాలంలో బయలుదేరితే, అవతలి పక్కకు చేరేసరికి వానలు పట్టుకున్నాయి. నమ్మరా? పోనీ, ఒక పూట పట్టింది. అదీ కాదంటారా? కథ చెప్పేటప్పుడు మరీ అంత సన్నగా కొలవకూడదు.

నన్ను చేతబట్టినవాడు మోహనరంగం సారు. మంచివాడే. ఏ నేల చెక్కుచెదరకుండా ఉందో, ఏది చెడిందో తేల్చి నూటికి ఇన్నని మార్కులు వేయడం ఆయన ఉద్యోగం. మార్కులు బాగా వచ్చిన నేలను ముందు కాపాడతారట. తాడుతో చదరం గీయడం, అందులోని ప్రతి చెట్టుకూ రొమ్మెత్తున నన్ను చుట్టడం, వచ్చిన అంకె పుస్తకంలో రాయడం, ఇదీ పద్ధతి. పిల్లలను పరీక్షలు పెట్టి ఏడిపించింది చాలక మనుషులు అడవుల వెంట పడ్డారని నేను నవ్వుకునేవాణ్ణి. నవ్వుతూనే ఆ పని చేశాను.

ఒక వానాకాలం కర్నూలు పక్క గువ్వలమిట్టకు చేరాం. కంటికి ఆనినంత మేరా బోదగడ్డి, చెంగలిగడ్డి. గాలి వీస్తే మిట్ట మొత్తం పక్కకు ఒరిగి మళ్లీ లేచేది. సారు చదరం గీసి, నన్ను చేత్తో పట్టుకుని దిక్కులు చూశాడు. గొర్రెలు కాస్తున్న సుంకులమ్మ కర్రకు గడ్డం ఆనించి నవ్వింది.

"ఏం సారూ, ఏమన్నా పోగొట్టుకుంటివా?"

"చెట్లమ్మా. ఇక్కడ చెట్లు లేవా?"

"చెట్లు యాడివి? ఇది బీడు. మా తాతల కాడ్నించి బీడే. వాన పడితే సూడల్ల, ఆ గడ్డిలోనించి నేలనెమలి పిట్ట మనిషెత్తు ఎగురుతాది. ఒకతూరి మా మామ తలగుడ్డ మీదనే దిగె!"

సారు నవ్వి పుస్తకంలో 'బీడు' అని రాసుకున్నాడు. ఆమె నోట బీడంటే అరవై గొర్రెల కడుపు. ఆయన పుస్తకంలో బీడంటే ఎందుకూ కొరగాని నేల. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఇద్దరూ తలాడించారు.

చివరికి గట్టున ఒక సర్కారు తుమ్మ దొరికింది. ఎక్కడినుంచో వచ్చి తిష్టవేసిన ముళ్లమొండి. నన్ను దానికి చుట్టాడు. మిట్టకు నూటికి రెండు మార్కులు వచ్చాయి. ఆ రెండూ ఆ తుమ్మవే.

నోరు లేనివాణ్ణి, నాదేం తప్పని తప్పించుకోవచ్చు. కానీ నిజం చెబుతున్నాను. గడ్డిని కొలవడం నాకు చేతకాదు. ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ వేసి, అక్కడేమీ లేదనిపించాను. దర్జాగా డబ్బాలోకి చుట్టుకుపోయాను.

మరుసటేడు గువ్వలమిట్ట 'చెట్లు నాటవలసిన ఖాళీ నేల' అయింది. యంత్రాలు వచ్చి గడ్డిని వేళ్లతో పెళ్లగించి కందకాలు తవ్వాయి. జామాయిల్ మొక్కలు నాటి చుట్టూ ముళ్లకంచె వేశారు. మూడేళ్లకు సారు నన్ను తీసుకుని మళ్లీ వచ్చాడు. ఈసారి చుట్టడానికి కొదవలేదు. నూటికి నలభై ఒకటి!

కంచె అవతల సుంకులమ్మ నిలబడి ఉంది. వెనక గొర్రెలు ఇరవై కూడా లేవు.

"సారూ, చెట్లు లేవా అని అడిగితివి, బీడంటిని. బీడంటే మేత గదా! నీకు తెలుగు రాదా?"

"వచ్చమ్మా," అని సారు గొణిగాడు.

"మరి నేలనెమలి యాడికి పాయె? మూడేండ్లాయె, దాని ఈక గూడ కనపల్యా. నీ పుస్తకంలోనన్నా ఉందేమో సూడు."

సారు పుస్తకం తెరవలేదు. తలెత్తకుండా నన్ను గబగబా డబ్బాలోకి చుట్టబోయాడు. నా కొస కంచె ముల్లుకు చిక్కింది. ఆయన గుంజాడు. పదకొండో మీటరు దగ్గర తెగిపోయాను. సున్నా ఉన్న కొస కంచెకు వేలాడింది, మిగతాది డబ్బాతో పాటు ఆయన వెంట వెళ్లిపోయింది.

సుంకులమ్మ నన్ను విప్పి తీసుకుంది. ఇప్పుడామె కంచె బయట గట్ల మీద మిగిలిన గడ్డి కోసి, ఇంటి దగ్గర గొర్రెపిల్లలకు మోసుకుపోతుంది. ఆ మోపుకు కట్టుతాడును నేనే. ఊరంత మద్దిని చుట్టానని కోతలు కోసిన నేను, మొదటిసారి గడ్డిని చుట్టాను. మెత్తగా, పచ్చివాసనతో ఉంది. ఇన్నాళ్లూ దీన్నా లేదన్నాను!

కొలవడం కూడా వచ్చేసింది. మొదటి రోజు మోపు నూట పన్నెండు సెంటీమీటర్లు. నిన్న తొంభై ఆరు. ఇవాళ ఎనభై ఒకటి. ఇందులో కోతలేమీ లేవు. రాసుకునేవాళ్లుంటే రాసుకోండి.