సంచి ఎవరిది?

"బాంబు! బాంబు! బయటికి పదండి!"

అరిచింది డాక్టర్ రంగనాయకులు. ఉగ్రవాదం మీద రెండు పుస్తకాలు రాసిన మనిషి, అందరికంటే ముందు గుమ్మం దాటాడు. వెనక భార్య వస్తోందో లేదో చూడలేదు. ప్రజాభద్రత సదస్సుకని మార్కాపురం వచ్చిన ఆచార్యులు ఒకే తలుపులో ఇరుక్కున్నారు. న్యాయం, మనస్తత్వం, రాజనీతి, కంప్యూటర్లు. ఉమ్మడి పరిశోధన పేరుతో ఏడాదిగా ఒక్కసారీ ఒకచోట కూర్చోని శాఖలన్నీ ఆ తలుపు దగ్గర కలిశాయి.

చివరగా వచ్చిన ఆయన భార్య మహాలక్ష్మి గోడవారనున్న నల్ల సంచిని చూసింది. లోపల ఏదో కీచుకీచుమని మోగుతోంది. జిప్పు పక్కన పసుపు దారంతో వేసిన కుట్టు. ఆ కుట్టు తనదే. లోపల పెరుగన్నం, చారు ఫ్లాస్కు, మొగుడి షుగరు మాత్రలు, మాత్ర వేళకి మోగే చిన్న గడియారం. ఇంట్లో అది మోగీ మోగకముందే నొక్కేసి, మాత్రా మంచినీళ్లూ ఆయన చేతిలో పెడుతుంది. అందుకే ఆ మోత ఆయన చెవిన ఎన్నడూ పడలేదు. పొద్దున "సంచి మీ కుర్చీ కింద పెట్టాను" అని చెబితే తలెత్తకుండా ఊఁ కొట్టాడు.

బయట పోలీసులు, సంచి గోడవార పెట్టింది నువ్వేనటగా అని హాలు ఊడ్చే సంతోషమ్మను నిలదీస్తున్నారు.

"ఆ సంచి నీకెవరిచ్చినారు?"

"ఎవరూ ఇయ్యలేదు సారూ. ఊడ్చేదానికి అడ్డముంటే కుర్చీ కిందనుంచి తీసి గోడకాడ పెట్టినా. ఏసయ్య తోడు."

ఒంగోలు నుంచి బాంబు దళం వచ్చేదాకా సంచిని ఎవరూ ముట్టకూడదన్నారు. మహాలక్ష్మి మొగుణ్ణి పక్కకు పిలిచింది.

"అది మన సంచండీ. మోగింది మీ మాత్రల గడియారం."

ఆయన ముఖం పాలిపోయి, మళ్లీ గట్టిపడింది. "నోరు మూసుకో. వీసీ గారి ముందర పెరుగన్నానికి జడిసి ఉరికినానని చెప్పమంటావా? తెరిచినా అది మనదని ఎవరికి తెలుస్తుంది? అందాకా ఆ ఊడ్చేది స్టేషన్లో కూర్చుంటే ఏం పోయె? నీ గైడు నా మాట దాటడు. నీ థీసిస్ సంగతి చూసుకో."

అని ఎస్సై దగ్గరికి పోయి, "ఆ ఊడ్చే ఆమెది అర్ధవీడు కదా, అడవి పక్క ఊరు. మా పరిశోధనలో అది సున్నిత ప్రాంతం" అన్నాడు. పరిశోధనట! ఎండలో ఊరూరా తిరిగి, ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు దేనికి భయపడతారో విన్నది మహాలక్ష్మి. పొద్దున వేదికెక్కి దాన్ని చదివింది ఆయన. "మా ఆవిడ టైపు చేసిపెట్టింది" అంటే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇన్నేళ్లూ ఈ మనిషంటే భయమనుకుంది. ఇప్పుడు తలుపు దగ్గర నలిగిన ఆ చొక్కాను, చెమట పట్టిన ఆ మెడను చూస్తే అది భయం కాదు, రోత.

"స్టేషన్ మెట్లెక్కితే నన్ను కూలికెవరు పిలుస్తారు సారూ?" సంతోషమ్మ ఏడుస్తోంది.

"ముందు జీపెక్కు."

"ఆగండి," అంది మహాలక్ష్మి. "ఆమెను వదలండి. ఆ సంచి మా ఆయనది."

ఎస్సై నొసలు ముడిచి గుంపు వైపు చూశాడు. "ఇంతమంది సార్లలో ఏ సారమ్మా? పేరు చెప్పండి."

"మహా, ఇట్ల రా!" రంగనాయకులు చెయ్యి ఊపి పిలిచాడు.

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్త రామతులసమ్మ పెళ్లి పీటల మీదే చెప్పింది. ఓటరు జాబితా వాళ్లు వచ్చినా పక్కింటామె చేతే చెప్పించేది. తగ్గితే తగ్గనీ.

"రంగనాయకులు," అంది. వీసీ గారికి కూడా వినపడేలా మళ్లీ అంది. "డాక్టర్ రంగనాయకులు. సంచి ఆయనదే. బాంబని అరిచింది ఆయనే. తనదని తెలిసీ ఈమెను జీపెక్కిస్తున్నదీ రంగనాయకులే."