పడినవి, చచ్చినవి

పడిపోవడానికీ చావడానికీ తేడా తనకి తెలియనిదేం కాదు, ఇరవై రెండేళ్ళు బడి ప్రయోగశాలలో గాజు గొట్టాలు కడిగిన మనిషి తను, గోడ మీద ఆ కాగితం అంటించింది కూడా తనే: మందు చల్లిన రెండు గంటలకి పడినవి లెక్కపెట్టాలి, మర్నాడు పొద్దున చచ్చినవి లెక్కపెట్టాలి. తెలిసి చేసినదాన్ని పొరపాటు అనరు కదా, దానికి వేరే పేరేదో ఉండాలి. ఆ పేరు దొరక్కుండానే ఆమె గాజు గిన్నె మీది పలచటి గుడ్డ తీసింది.

లోపల పెంకు పురుగులు నడుస్తున్నాయి.

నిన్న సాయంత్రం ఇవే వెల్లకిలా పడి ఉన్నాయి. చామంతి జాతి పువ్వుల పొడి, వెల్లుల్లి రసం, కాస్త సబ్బు నీళ్ళు. తమ్ముడు కలిపిన పదకొండో మందు. ఐదు గిన్నెలు, గిన్నెకి పది పురుగులు, యాభైలో నలభై ఏడు పడ్డాయి. ఇప్పుడు సన్న కుంచె కొసతో ఒక్కొక్కదాన్నీ తాకి చూసింది. చాలావరకు తాకకముందే కదిలాయి. ఒకటి కుంచె ఎక్కబోయింది. లోపల వేసిన వంగ ఆకు జల్లెడైపోయింది. మైకం దిగాక లేచి, ఒళ్ళు దులుపుకుని, కడుపు నిండా తిన్నాయన్నమాట. చచ్చినవి నాలుగు. పక్కన వట్టి నీళ్ళు చల్లిన ఐదు గిన్నెల్లో చచ్చినవి మూడు. అంటే మందు చంపింది ఒక్కదాన్ని. అదీ ముసలిదేమో.

ఆమె పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు పెట్టింది. మరిగాక కాస్త సబ్బు వేసి ముంచితే చాలు, యాభైకి యాభై. ఎవరూ అడగరు. పురుగులకి సాక్షులుండరు.

మందుల కంపెనీలో పని పోయాక తమ్ముడు ఎనిమిది నెలలు మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. మెలకువగా ఉన్నాడో నిద్రపోతున్నాడో వీపు చూసి కనిపెట్టడం ఆమె నేర్చుకుంది. పెరటి మొక్కలకి విషం లేని మందు తయారుచేస్తానంటూ ఒకరోజు తనే లేచాడు. మొదటి ఆరు మందులూ కుదరలేదు. ప్రతిదాని తర్వాతా మళ్ళీ మంచం, ప్రతిసారీ ఇంకో రెండు రోజులు ఎక్కువ. ఏడోసారి నిజంగా చచ్చినవి ఐదే అయినా, ఆమె పుస్తకంలో ‘పడినవి’ కింద రాసిన నలభై నాలుగునే ‘చచ్చినవి’ కింద కూడా రాసింది. ఆ పూట వాడు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. జాలితో రాశాననుకుంది అప్పుడు. అలసటతో రాసింది. ఆ వీపు ఎదురుగా కుర్చీలో కూర్చునే ఓపిక అయిపోయి రాసిన అంకె అది.

ఎనిమిది, తొమ్మిది, పది మాత్రం ఉన్నదున్నట్టే రాసింది. ఒక్క అబద్ధానికి అంత నిజాయితీ చెల్లు అనుకుందో ఏమో.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఆమె గిన్నెల మీద తువ్వాలు కప్పింది.

వాడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"పొయ్యి మీద టీకేనా? నాక్కూడా పొయ్యక్కా."

"టీకే," అంది.

"మొక్కల కొట్టాయన దగ్గర్నుంచే వస్తున్నా. ఏమన్నాడో తెలుసా? పురుగుల లెక్కల మేడం, అంటే నీ సంతకం ఉంటేనే సీసాలు పెడతాట్ట. నీ ఒక్కడి మాట నమ్మి పెడితే నా కొట్టుకి పురుగులే వస్తాయి బేరానికి, అన్నాడు." నవ్వాడు. నవ్వుతున్నప్పుడు వాడి మొహం కొత్తవాళ్ళ మొహంలా ఉంది. "ఎన్ని పోయాయి?"

"ఇంకా లెక్క కాలేదు."

"నిన్ననే నలభై ఏడన్నావుగా. తెల్లారేసరికి తగ్గుతాయా ఏంటి?"

ఆమె పొయ్యి ఆపింది. నీళ్ళు కాసేపు తమంతట తామే ఉడికి ఊరుకున్నాయి.

"నీకో మాట చెప్పనా," అన్నాడు వాడు బల్ల అంచు పట్టుకుని. "ఏడోది అంత బాగా వచ్చిందా. ఆ తర్వాత మూడూ తుస్సుమన్నాయి. పదార్థాలు అవే, పాళ్ళు దాదాపు అవే. నేనే ఏదో పాడుచేస్తున్నాననుకున్నా. మూడు నెలల్నుంచి ఈ చేతుల్నే చూసుకుంటున్నానక్కా. నిన్నగానీ నలభై ఏడు వినకపోతే..."

తర్వాతి మాట ఆమెకి తెలుసు.

మూడు నెలలు. వాడు పొద్దున్నే అరచేతులు తిప్పి చూసుకోవడం ఆమె చూసింది. చర్మం మంటేమో అనుకుని నూనె కూడా ఇచ్చింది.

వాడు తువ్వాలు తీశాడు.

ఒక గిన్నె ఎత్తి వెలుతురుకి పట్టాడు. పురుగు ఒకటి గాజు మీద పైకి పాకి, జారి, మళ్ళీ పాకుతోంది. వాడు గిన్నెను దాని స్థానంలోనే జాగ్రత్తగా దించాడు, తడి ఆరనిదేదో దించినట్టు.

"బాగానే ఉన్నాయి," అన్నాడు చివరికి. "నాకంటే ఆరోగ్యంగా ఉన్నాయి."

"ఒరేయ్..."

"పర్లేదక్కా. ఇది పోతే పోయింది. ఏడోదానికే వెనక్కి వెళ్దాం." గొంతు అప్పుడే దూరమవుతోంది, ఆ మంచం మీదనుంచి వస్తున్నట్టు. "ఒక్కసారైనా కుదిరింది కదా. ఆ రోజు ఏం చేశానో గుర్తు తెచ్చుకోవాలి. అప్పుడు నా చెయ్యి బాగుంది."

లేనిదాన్ని వీడు ఏళ్ళ తరబడి గుర్తు తెచ్చుకుంటూ ఉంటాడు. ఎప్పటికీ దొరకదు. దొరకని ప్రతిసారీ చేతులకేసి చూసుకుంటాడు. చెప్తే ఏం మిగులుతుంది? ఏమీ మిగలదు. చేతులు మాత్రం మిగులుతాయి, ఏనాడూ ఏదీ చెయ్యని, ఏదీ పాడుచెయ్యని చేతులు. అది ఓదార్పో కాదో ఆమెకి తెలియలేదు. కాదనే అనిపించింది.

ఆమె పుస్తకం తెచ్చి వాడి ముందు ఏడో పేజీ తెరిచింది. ‘చచ్చినవి’ కింద ఉన్న నలభై నాలుగుని అడ్డంగా కొట్టేసి, పక్కన ఐదు వేసింది.