పోయిన నాలుగో పుస్తకం

పేజీ తిప్పే చోట వాయించేవాళ్ల చేయి ఖాళీగా ఉండాలి. ఇరవై ఏళ్లుగా మా బృందానికి స్వరాల కాగితాలు రాసేది నేనే కాబట్టి ఎవరి చేయి ఎక్కడ ఖాళీ అవుతుందో నాకు తెలుసు. గెంట్ ఊళ్లో మా వంటింటి బల్ల మీద, పక్కన సూప్ ఉడుకుతుండగా, మూడు వందల ఏళ్ల నాటి బరోక్ సంగీతాన్ని తిరగరాసి, అంటించి, కుడతాను. మా అత్తగారు క్లోతిల్డ ప్రతి ఆదివారం ఆ బల్ల చూసి, "చిన్నపిల్లల్లా అతికించుకుంటూ కూర్చోవచ్చు, హాయైన పని నీది" అంటుంది. నేను ఆవిడకు సూప్ వడ్డిస్తాను.

నిరుడు ఒక పల్లె చర్చి బీరువాలో, ఎవరికీ తెలియని ఒక ఆర్గన్ వాద్యకారుడి రచన దొరికింది. ఒక్కో వాద్యానికి ఒక్కో పుస్తకం చొప్పున నాలుగుండాలి, మూడే ఉన్నాయి. వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా పుస్తకం పోయింది. వయోలా వాయించేది నేను. మా ఆయన యోరిస్ బృందానికి నాయకుడు. ఆ సందులో ఏదో ఒకటి పెట్టి పూడ్చమన్నాడు, వినేవాళ్లకు అతుకు తెలియకూడదన్నాడు. నాలుగు నెలలు పట్టింది. ఆ చనిపోయిన మనిషి ఎక్కడ తటపటాయిస్తాడో, ఎక్కడ గొప్పలు పోతాడో, కట్టుకున్నవాడి అలవాట్లు తెలిసినట్టు తెలిసిపోయింది. మూడో భాగంలో ఒకచోట మూడు పుస్తకాలూ ఒకేసారి, తాళం లెక్కన ఎనిమిది గీతల పాటు మౌనంగా ఉన్నాయి. అంటే అక్కడ వయోలా ఒక్కటే మాట్లాడి ఉండాలి. ఏం మాట్లాడిందో చెప్పేవాళ్లు లేరు. ఆ ఎనిమిది గీతలూ నేను రాశాను.

ఈ ఏడే చేరిన చెల్లో వాద్యకారుడు వౌటర్ మొదటిసారి అది విని కమాను దించేశాడు. "ముసలాడు అసాధ్యుడు. ఇవాళ ఇలా రాసేవాడెవడున్నాడు?"

యోరిస్ నావైపు చూసి, చూపు తిప్పేసుకుని, "అందుకేగా బయటికి తెచ్చాను" అన్నాడు.

నాకు ముందు కలిగింది కోపం కాదు, సంతోషం. ఇంటికి నడిచి వస్తూ దారంతా ఆ పొగడ్తనే చప్పరించాను. దొంగతనంగా మిఠాయి తిన్నట్టు తిన్నానని, అది నాదే అయినా సరే, గుమ్మం దగ్గర తాళం తీస్తుంటే అర్థమైంది. అతుకు తెలియకుండా ఉండటాన్నే ఇన్నేళ్లూ నా గొప్పతనం అనుకున్నాను.

శనివారం, త్వరలో మేం చేయబోయే ఆ రచన రికార్డుతో వచ్చే చిన్న పుస్తకం ప్రూఫ్ వచ్చింది. రచన ఆ ముసలాయనది, పునరుద్ధరణ యోరిస్‌ది. చివరి పేజీలో కృతజ్ఞతల్లో నా పేరుంది: కాగితాలు, కాఫీ: మాక్‌టెల్డ్. ఇది సరికాదన్నాను. యోరిస్ రొట్టెకు వెన్న రాస్తూనే ఉన్నాడు.

"మనలో మనకి నీదీ నాదీ ఏంటి? అయినా ఆ ముక్క నువ్వు రాశావని తెలిస్తే జనం అదే చెవితో వినరు. సోమవారం అచ్చుకి పోవాలి, ఇప్పుడిది పెట్టకు."

అదే చెవితో వినరట. ఆ మాట నిజమేనని నాకూ తెలుసు. అందుకే రాత్రంతా అది లోపల గుచ్చుకుంది.

ఆదివారం రిహార్సల్. మూడో భాగం వచ్చింది. మిగతా ముగ్గురూ ఆగారు. నేను కమాను ఒళ్లో పెట్టుకున్నాను. ఖాళీ చర్చిలో ఎవరి కుర్చీయో కిర్రుమంది. మౌనం ఎనిమిది గీతల పొడవునా సాగింది.

"మాక్‌టెల్డ్, నీ భాగం," అన్నాడు యోరిస్.

"దొరికిన పుస్తకాల్లో ఇక్కడేమీ లేదు. ఆయన రాసిందే వాయిస్తున్నాను."

వౌటర్ తన కాగితం చూసుకున్నాడు. వంగి నా కాగితం మీదున్న స్వరాలు కూడా చూశాడు. తర్వాత తలెత్తి, నన్ను కాదు, యోరిస్‌ని అడిగాడు.

"మరి ఇన్నాళ్లూ మనం విన్నది ఎవరిది?"

సోమవారం అచ్చుకి ఇంకా ఒక పూట ఉంది. నేను ఒళ్లోంచి కమాను తీయలేదు.